నరం గడ్డ రిపోర్టులో ఆ నాలుగు లైన్లు

పాఠకుల ప్రశ్నలు – నెల్లూరు పెథాలజిస్టు జవాబులు

ప్రశ్న: డాక్టరమ్మ గారికి నమస్కారం. మాది పొదిలి దగ్గర పల్లె. మా తమ్ముడికి 29 ఏళ్ళు, చీమకుర్తి గ్రానైట్ క్వారీలో సూపర్‌వైజరు. చిన్నప్పటి నుంచి వాడి ఒంటి మీద పాల కాఫీ రంగు మచ్చలు ఉన్నాయి, పెద్దయ్యాక మెత్తటి బొడిపెలు కూడా వచ్చాయి. మా నాన్నకూ అలాగే ఉండేవి కాబట్టి ఇంటి పోలికే అనుకున్నాం. సంక్రాంతి వెళ్ళాక వాడి కుడి తొడ వెనక ఉన్న పాత గడ్డ ఉన్నట్టుండి పెరిగింది, రాత్రిళ్ళు నొప్పితో నిద్ర లేదు. ఒంగోలులో ఎమ్మారై తీసి 8 సెంటీమీటర్లు అన్నారు. సూదితో ముక్క తీసి పంపితే రిపోర్టు ఇలా వచ్చింది: ‘మాలిగ్నెంట్ పెరిఫెరల్ నర్వ్ షీత్ ట్యూమర్, హై గ్రేడ్. ఎస్-100 అక్కడక్కడ పాజిటివ్, సాక్స్-10 నెగటివ్. హెచ్3కె27ఎంఇ3 లాస్. కి-67 40 శాతం.’ మా ఆయన ఫోన్లో వెతికి, ఆ ‘లాస్’ ఉన్నవాళ్ళు ఎక్కువ కాలం ఉండరట అన్నారు. ఆ రోజు ఇంట్లో పొయ్యి వెలగలేదు. ఇంకో ల్యాబులో రక్తం ఇచ్చి ట్యూమర్ మార్కర్లు చేయిస్తే అన్నీ నార్మల్ వచ్చాయి. ఏది నమ్మాలి? ఇప్పుడు గడ్డకి పెద్ద జీన్ టెస్టు చేయించమంటున్నారు, చాలా ఖర్చంట. అప్పు చేసైనా చేయించాలా?
– ఒక అక్క, పొదిలి

జవాబు: ముందు ఆ రక్తం రిపోర్టు తీసి బీరువాలో పెట్టేయండమ్మా. దానితో మనకు పని లేదు. సీఈఏ, ఏఎఫ్‌పీ, సీఏ-125, పీఎస్‌ఏ అని ప్యాకేజీలో వచ్చేవి పేగు, కాలేయం, అండాశయం, ప్రోస్టేట్ లాంటి వాటి సంగతి చూసుకోవడానికి. నరాల తొడుగులో పుట్టే సార్కోమా, అంటే మీ రిపోర్టు మొదటి లైనులో పేరున్న క్యాన్సర్, వాటిని రక్తంలోకి వదలదు. గడ్డ ఎంత పెరిగినా అవి నార్మల్‌గానే వస్తాయి. రక్తంలో తిరిగే డీఎన్‌ఏ ముక్కల్ని చూసి మామూలు న్యూరోఫైబ్రోమాకూ (క్యాన్సర్ కాని నరం గడ్డ) ఈ సార్కోమాకూ తేడా పట్టవచ్చని 2021లో అమెరికా పరిశోధకులు చూపించారు. అది పరిశోధనశాలల్లో నడుస్తున్న పని, ట్రంకు రోడ్డు మీద కౌంటర్లో డబ్బు కట్టి చేయించుకునే టెస్టు కాదు. ‘నార్మల్ వచ్చింది కదా’ అని ఇంట్లో ఎవరైనా ఆపరేషన్ వాయిదా వేద్దామంటే మాత్రం ఒప్పుకోకండి. ప్యాకేజీలు అమ్మేవాళ్ళ మీద నాకున్న కోపమంతా ఇక్కడే.

ఇక ముక్క పరీక్ష. మీ ఆయన నేరుగా ‘లాస్’ దగ్గరికి పోయారు. నేను పై నుంచి వస్తాను, ఎందుకంటే ఈ జబ్బులో తికమకంతా పేరు దగ్గరే. మైక్రోస్కోపు కింద ఇవి కండె ఆకారంలో సన్నగా, పొడుగ్గా, గుంపులు గుంపులుగా పారే కణాలు. సైనోవియల్ సార్కోమా అనే వేరే క్యాన్సర్ అచ్చం ఇలాగే ఉంటుంది. మెలనోమా, అంటే చర్మానికి రంగిచ్చే కణాల క్యాన్సర్, కూడా ఒక్కోసారి ఇదే వేషం వేస్తుంది. ఎన్‌టీఆర్‌కే అనే జన్యువులు అతుక్కుపోయి పుట్టే ఇంకో రకం గడ్డ ఉంది, దానికి మందు వేరు. అందుకే మేము రంగులు వేసి చూస్తాం. రిపోర్టులోని ఎస్-100, సాక్స్-10 ఆ రంగులే. ఇవి నరం తొడుగు కణాలకు గుర్తులు. మామూలు నరం గడ్డలో, ముఖ్యంగా ష్వానోమాలో, ఎస్-100 స్లైడంతా గోధుమ రంగు తిరుగుతుంది. కణం చెడిపోయేకొద్దీ పుట్టుక గుర్తుల్ని పోగొట్టుకుంటుంది, అక్కడక్కడే మిగులుతుంది, లేదా అసలు మిగలదు. కాబట్టి ‘అక్కడక్కడ పాజిటివ్’, ‘నెగటివ్’ అన్న మాటలు ఈ జబ్బులో మేము ఎదురుచూసేవే. వాటిని వేరే చెడ్డ కబురుగా తీసుకోవద్దు. మీ తమ్ముడికి చిన్నప్పటి నుంచి పాల కాఫీ రంగు మచ్చలున్నాయి, పాత గడ్డ ఉంది, అది తొడ వెనక పెద్ద నరం దారిలో ఉంది. ఇవన్నీ కలిస్తే పేరు మీద నాకు పెద్దగా అనుమానం లేదు.

ఇప్పుడు ఆ నోరు తిరగని పేరు, హెచ్3కె27ఎంఇ3. మన డీఎన్‌ఏ చుట్టుకుని ఉండే ప్రొటీన్ల మీద చిన్న రసాయన గుర్తులుంటాయి. ఏ జన్యువు మూతపడి ఉండాలో అవి చెబుతాయి. వాటిలో ఇది ఒకటి. ఒంట్లో మామూలు కణాలన్నిటిలో ఉంటుంది. స్లైడు మీద ఎలా కనిపిస్తుందో చెబుతాను. రంగు వేశాక, గుర్తు ఉన్న కణం కేంద్రకం గోధుమ రంగులో, లేని కణం కేంద్రకం నీలంగా ఉంటుంది. నేను లెన్సు కింద పెట్టి మొదట గడ్డ కణాల్ని చూడను. గడ్డ మధ్యలో పోయే సన్నటి రక్తనాళాలను వెతుకుతాను. వాటి గోడల్లోని కణాలు, పక్కనే తిరిగే తెల్ల రక్తకణాలు మంచివి, అవి తప్పకుండా గోధుమ రంగులో ఉండాలి. అవి ఉండి, చుట్టూ గడ్డ కణాలన్నీ ఒక్కటి మిగలకుండా నీలంగా ఉంటేనే ‘లాస్’ అని రాయాలి. నాళాలు కూడా నీలంగా ఉన్నాయంటే రంగు పట్టలేదని అర్థం, స్లైడు మళ్ళీ చేయాలి. కొన్ని కణాలు గోధుమ, కొన్ని నీలం అయితే అది ఈ జబ్బుకి గట్టి సాక్ష్యం కాదు. మీ రిపోర్టులో రక్తనాళాల కణాల ప్రస్తావన ఉందో లేదో చూడండి, ‘ఇంటర్నల్ కంట్రోల్’ అని రాస్తారు. లేకపోతే రెండో అభిప్రాయం అడిగేటప్పుడు ఇదే అడగండి.

ఆ గుర్తు ఎందుకు పోతుంది? ఇక్కడ జన్యువుల కథ చెప్పాలి. మీ తమ్ముడిది న్యూరోఫైబ్రోమటోసిస్ టైప్ 1, క్లుప్తంగా ఎన్‌ఎఫ్-1. మీ నాన్నగారిని బట్టి చూస్తే ఇంట్లో దిగిందే. 17వ క్రోమోజోము మీద ఉన్న ఈ జన్యువును 1990లో కనిపెట్టారు. అది చేసే న్యూరోఫైబ్రోమిన్ అనే ప్రొటీను, కణాన్ని పెరగమని తొందరపెట్టే రాస్ సంకేతాన్ని అదుపులో ఉంచుతుంది, సోమశిల కాలువ తూముకి షట్టరు ఉన్నట్టు. జన్యువుకి రెండు కాపీలు. ఒకటి పుట్టుకతోనే చెడి ఉంది. ఏదో ఒక నరం తొడుగు కణంలో రెండోదీ చెడితే అక్కడ న్యూరోఫైబ్రోమా వస్తుంది. అది క్యాన్సర్ కాదు, చాలామందిలో ముసలితనం దాకా అలాగే ఉంటుంది. కొందరిలో తర్వాత 9వ క్రోమోజోము మీది సీడీకేఎన్2ఏ అనే జన్యువు పోతుంది. అప్పుడు గడ్డ మామూలుకీ సార్కోమాకీ మధ్య మెట్టు ఎక్కుతుంది. ఆ మెట్టులోని గడ్డలకు 2017లో నిపుణులు కూర్చుని విడిగా ఒక పేరు పెట్టారు. ఇంకా పైకి పోయినప్పుడు ఎస్‌యూజెడ్-12 లేదా ఈఈడీ అనే జన్యువు పోతుంది, చాలాసార్లు టీపీ-53 కూడా చెడుతుంది. ఇందాకటి రసాయన గుర్తును వేసే యంత్రంలో ఎస్‌యూజెడ్-12, ఈఈడీ రెండూ భాగాలు. ఏ ఒక్కటి పోయినా గుర్తు పడదు, స్లైడు నీలంగా మిగులుతుంది. ఈ సంగతి 2014లో వేర్వేరు బృందాలు బయటపెట్టాయి.

అంటే ఆ ఒక్క రంగు స్లైడే మీకు జన్యువు సంగతి చెప్పేసింది. పెద్ద జీన్ టెస్టు చేయిస్తే ‘ఎస్‌యూజెడ్-12 పోయింది’ అనో ‘ఈఈడీ పోయింది’ అనో రాసి ఇస్తారు. ఏది పోయినా ఆపరేషన్ మారదు, రేడియేషన్ మారదు, కీమో మారదు. అందుకే అప్పు చేసి గడ్డకి జీన్ టెస్టు ఇప్పుడు వద్దు అనే నా మాట. పేరు మీద అనుమానం ఉంటే అది పనికొస్తుంది. సైనోవియల్ సార్కోమాని తోసిపుచ్చడానికి ఎస్ఎస్-18 జన్యువు ఒక్కటి చూస్తే చాలు, దానికి పెద్ద ప్యానెల్ అక్కర్లేదు. రేపు జబ్బు తిరగబెట్టి, ఏదైనా కొత్త మందు ట్రయల్‌లో చేరే అవకాశం వస్తే అప్పుడు చేయించండి. సీడీకేఎన్2ఏ పోయినప్పుడు దాని పక్కనున్న ఎంటాప్ అనే జన్యువు కూడా చాలాసార్లు కలిసి పోతుంది, ఆ లోపం మీద పనిచేసే మందులు ట్రయల్స్‌లో ఉన్నాయి. ఆ రోజు టెస్టుకి అర్థం ఉంటుంది.

అసలు ప్రశ్న, ‘లాస్’ అంటే మనిషి దక్కడా? 2016లో వచ్చిన ఒక అధ్యయనంలో ఆ గుర్తు పోయినవాళ్ళకు కాలం తక్కువగా కనబడింది. తర్వాత వచ్చినవన్నీ అదే మాట చెప్పలేదు. అరుదైన జబ్బు కాబట్టి ఒక్కో అధ్యయనంలో ఉండేదే కొద్దిమంది. అంతకన్నా ముఖ్యం ఇంకోటి ఉంది. ఆ గుర్తు పోవడం హై గ్రేడ్, అంటే దూకుడుగా పెరిగే, గడ్డల్లోనే ఎక్కువ. మీ రిపోర్టు మొదటి లైనులో హై గ్రేడ్ అని ముందే ఉంది. మీ ఆయన ఒకే చెడ్డ కబురును రెండుసార్లు లెక్కపెట్టుకుని భయపడ్డారు. కి-67 కూడా అంతే, ఎన్ని కణాలు విభజనకు తయారుగా ఉన్నాయో చెప్పే లెక్క. 40 అంటే గడ్డ వేగంగా ఉంది, సంక్రాంతి నుంచి మీరు కళ్ళారా చూసిందే. టీపీ-53 చెడితే, టాప్-2ఏ, టీకే-1, బర్క్-5 లాంటి ప్రొటీన్లు ఎక్కువుంటే ఫలితం బాగుండదని నార్వే వాళ్ళు వగైరా రాశారు. వాటితో మంచం పక్కన నిర్ణయాలు జరిగే రోజు ఇంకా రాలేదు కాబట్టి వాటిని వదిలేస్తున్నాను.

ముందు ముందు ఎలా ఉంటుందో ఇవాళ్టికీ గట్టిగా చెప్పేవి పాతకాలపు సంగతులే. ఊపిరితిత్తుల్లోకి పాకిందా, ఛాతీ సీటీ తీశారా? మీ ఉత్తరంలో ఆ మాట లేదు, ఈ వారంలోనే తీయించండి. గడ్డ సైజు: 5 సెంటీమీటర్లు దాటితే కష్టం పెరుగుతుంది, మీది 8. చోటు: నడుము లోపల, మెడలో, వెన్ను పక్కన వచ్చేవాటికన్నా కాలూ చేతుల్లో వచ్చేవి నయం, ఎందుకంటే చుట్టూ మంచి కండతో సహా తీయడానికి చోటుంటుంది. అన్నిటికన్నా మించినది అంచు. తీసిన గడ్డకు సిరా పూసి, కోసి, సిరా అంటిన చోట గడ్డ కణాలు ఉన్నాయా లేవా అని మేము చూస్తాం. లేవంటే ఆ రిపోర్టు రాసేటప్పుడు నా చెయ్యి తేలిగ్గా ఉంటుంది. నేను చూసే మార్కర్లు ఏవీ ఆ శుభ్రమైన అంచుకు సాటిరావు.

అందుకే ఎక్కడ చేయించాలన్నదే మీరు ఖర్చు పెట్టాల్సిన ఆలోచన. ‘గడ్డే కదా’ అని ఊళ్ళో గీసి తీసేసిన కేసులు నా బల్ల మీదికి వస్తుంటాయి. ముక్కలు ముక్కలుగా సీసాలో పోసి పంపుతారు, అంచు ఎటుందో దేవుడికి తెలియాలి. సార్కోమాలు రోజూ చూసే సర్జను, రేడియేషన్ డాక్టరు, మెడికల్ ఆంకాలజిస్టు ముగ్గురూ ఒకచోట కూర్చుని మాట్లాడుకునే ఆసుపత్రికి వెళ్ళండి. మద్రాసులో అడయార్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్, వేలూరు సీఎంసీ, హైదరాబాదు ఎంఎన్‌జే, బొంబాయి టాటా మెమోరియల్ అలాంటివి. మీ వైపు నుంచి మద్రాసుకి పినాకిని ఉంది, ఒంగోలులో ఎక్కితే మధ్యాహ్నానికి దిగొచ్చు. పెద్ద నరాన్ని కలుపుకుని తీయాల్సి వస్తే పాదం వేలాడుతుంది, బెల్టు కట్టుకుని నడవాల్సి ఉంటుంది. ఈ మాట ముందే మీ తమ్ముడితో చెప్పండి, ఆపరేషన్ అయ్యాక తెలిస్తే మనిషి కుంగిపోతాడు. రేడియేషన్ మళ్ళీ అదే చోట రాకుండా చూడటానికి. కీమో, అంటే డాక్సోరుబిసిన్, ఐఫోస్ఫమైడ్, ఎవరికి ఎంత మేలో డాక్టర్లే ఇంకా వాదించుకుంటున్నారు. గడ్డ పెద్దదీ హై గ్రేడూ కాబట్టి వాళ్ళు ప్రస్తావిస్తారు, వినండి.

సెల్యుమెటినిబ్ అనే బిళ్ళ గురించి కూడా మీ ఆయన ఫోన్లో చూసి ఉంటారు. 2020లో అమెరికాలో అనుమతి వచ్చింది, పిల్లల్లో ఆపరేషన్‌కి వీలుకాని ప్లెక్సిఫామ్ న్యూరోఫైబ్రోమాలకు, అంటే నరం పొడుగునా అల్లుకుపోయే మామూలు గడ్డలకు. సార్కోమాగా మారిన గడ్డకు అది మందు కాదు.

ఐదేళ్ళ లెక్కలు మీరు అడగలేదు, కానీ ఎలాగూ వెతుకుతారు. ఆసుపత్రిని బట్టి సుమారుగా మూడో వంతు నుంచి మూడింట రెండు వంతుల దాకా పరుచుకుని ఉన్నాయి. పాకినవాళ్ళూ పాకనివాళ్ళూ, అంచు శుభ్రంగా వచ్చినవాళ్ళూ రానివాళ్ళూ అంతా అందులో కలిసే ఉన్నారు. ఛాతీ సీటీ, ఆపరేషన్ రిపోర్టు చేతికొచ్చాక మళ్ళీ రాయండి. అప్పుడు మాట్లాడుకుంటే ఇప్పటికన్నా నిజంగా ఉంటుంది.

మరొక్క మాట. మీ ఒంటి మీద మచ్చలున్నాయా? మీ పిల్లలకు? ఉంటే కింది జవాబు మీకు కూడా.

ప్రశ్న: మేడం, నేను కావలిలో టీచరుని. నాకు ఎన్‌ఎఫ్-1 ఉంది, వయసు 33. మా పాపకు నాలుగేళ్ళు, ఎనిమిది మచ్చలు లెక్కపెట్టాను. ఈ జబ్బువాళ్ళకు నరాల క్యాన్సర్ వస్తుందని చదివినప్పటి నుంచి ఒకటే టెన్షన్. పాపకు వస్తుందో రాదో జీన్ టెస్టులో తెలుస్తుందా?

జవాబు: తెలియదమ్మా, అలా ఒక్క మాటలో చెప్పే టెస్టు లేదు. కానీ కొంత తెలుస్తుంది, ఆ కొంత పనికొస్తుంది.

మీ ప్రశ్నలో ‘జీన్ టెస్టు’ అన్నది, పై ఉత్తరంలోని ‘జీన్ టెస్టు’ ఒకటి కాదు. అక్కడ చూసేది గడ్డలో తర్వాత వచ్చిన మార్పుల్ని. పాప విషయంలో చూసేది రక్తంలో, పుట్టుకతో ఒంట్లోని ప్రతి కణంలో ఉన్న మార్పుని. ఎన్‌ఎఫ్-1 ఉన్నవాళ్ళలో జీవితకాలంలో ఈ సార్కోమా వచ్చే అవకాశం 100కి సుమారు 8 నుంచి 13. అంటే ఎక్కువమందికి రాదు. జబ్బు మాత్రం అంత అరుదు కాదు, సుమారు 3,000 మందికి ఒకరు. అందులో సగం మందికి అమ్మానాన్నల్లో ఎవరికీ ఉండదు, కొత్తగా పుడుతుంది. మీలాగా ఉన్నవాళ్ళ బిడ్డకు వచ్చే అవకాశం ప్రతి కాన్పుకీ సగం సగం.

అయితే ఆ మార్పుల్లో రకాలున్నాయి. జన్యువు మొత్తం, చుట్టుపక్కల వాటితో సహా ఊడిపోవడం ఒక రకం, మైక్రోడిలీషన్ అంటారు. ఇలాంటివాళ్ళు 100కి 5 నుంచి 10 మంది. ఊడిపోయిన ముక్కలో ఎస్‌యూజెడ్-12 కూడా పోతుంది, పైన మాట్లాడుకున్నదే. అందుకే వీళ్ళకు సార్కోమా భయం మిగతావాళ్ళకన్నా ఎక్కువ. ప్రొటీనులో 844 నుంచి 848 దాకా ఉన్న చోట అక్షరం మారినవాళ్ళకు కూడా జబ్బు గట్టిగానే ఉంటుంది. దీనికి పూర్తిగా ఎదురు, 1809వ చోట మారినవాళ్ళకు, 992వ చోట ఒక్క అమైనో ఆమ్లం పోయినవాళ్ళకు మచ్చలుంటాయి కానీ చర్మం మీద బొడిపెలు సాధారణంగా రావు. ఇంకొకటి, మచ్చలు మాత్రమే ఉండి, ఎప్పటికీ న్యూరోఫైబ్రోమాలు రాని లీజియస్ సిండ్రోమ్ అని వేరే జబ్బు ఉంది, దాని జన్యువు స్ప్రెడ్-1. మీకే ఎన్‌ఎఫ్-1 ఉందని తేలింది కాబట్టి పాపకు అదయ్యే అవకాశం తక్కువ.

కాబట్టి టెస్టు ముందు మీకు చేయించండి. మీలో మార్పు ఏదో దొరికితే పాపకు ఆ ఒక్కటే చూస్తే సరిపోతుంది, ఖర్చూ తగ్గుతుంది. చేయించేటప్పుడు మొత్తం జన్యువు ఊడిపోవడాన్ని కూడా పట్టే పద్ధతి ఉందా అని ల్యాబుని అడగండి, దాన్ని ఎంఎల్‌పీఏ అంటారు. అక్షరాలు చదివే టెస్టులు కొన్ని పెద్ద ముక్క పోయినా గమనించవు. హైదరాబాదులో నిమ్స్ మెడికల్ జెనెటిక్స్ విభాగంలో చూపించుకుంటే రిపోర్టు చేతిలో పెట్టి పంపకుండా కూర్చోబెట్టి చెబుతారు.

కానీ జీన్ రిపోర్టు కన్నా మీ చెయ్యే ముందు పట్టుకుంటుంది. ఏ పాత గడ్డ అయినా మెత్తనిది గట్టిపడినా, కొన్ని వారాల్లో పెరిగినా, రాత్రి నిద్ర చెడగొట్టే నొప్పి కొత్తగా మొదలైనా, చెయ్యో కాలో పట్టు తప్పినా ఆ వారమే డాక్టరు దగ్గర ఉండాలి. పాపకు ఇప్పుడు ఆ వయసు కాదు. ఎన్‌ఎఫ్-1 వాళ్ళలో ఈ సార్కోమా ఎక్కువగా ఇరవైల్లో, ముప్పైల్లో వస్తుంది. పాపకు ఇప్పుడు కావాల్సింది ఏడాదికోసారి కంటి పరీక్ష, బీపీ, వెన్ను చూడటం, చదువు సంగతి గమనించడం. యుక్తవయసు దాటేటప్పుడు ఒంటికంతా ఒకసారి ఎమ్మారై తీయడం మంచిదని యూరప్ మార్గదర్శకాలు చెబుతున్నాయి. లోపల దాగిన ప్లెక్సిఫామ్ గడ్డ ఉన్నవాళ్ళే ఎక్కువ జాగ్రత్తగా ఉండాల్సినవాళ్ళు.

మీరు పాప గురించి రాశారు, మీ గురించి ఒక్క ముక్క రాయలేదు. ఎన్‌ఎఫ్-1 ఉన్న ఆడవాళ్ళకు 50 ఏళ్ళలోపు రొమ్ము క్యాన్సర్ ముప్పు మామూలు కన్నా ఎక్కువ. 30 నుంచే ఏటా మామోగ్రామ్ మొదలుపెట్టమంటారు. మీకు 33. వేసవి సెలవుల్లో ముందు ఆ పని పెట్టుకోండి.

ప్రశ్న: మా అమ్మకు 14 ఏళ్ళ కిందట రొమ్ము క్యాన్సర్‌కి రేడియేషన్ ఇచ్చారు. ఇప్పుడు ఆ వైపే చంక పైన గట్టి గడ్డ, చెయ్యంతా తిమ్మిరి. పాత జబ్బే తిరగబెట్టిందా? – కందుకూరు

జవాబు: అయి ఉండవచ్చు, ఎక్కువసార్లు అదే. అయితే రేడియేషన్ పడిన చోట ఏళ్ళు గడిచాక కొత్తగా సార్కోమా పుట్టడం కూడా ఉంది. నరాల సార్కోమాల్లో సుమారు 10 శాతం ఇలా వచ్చేవే. అందుకే ‘పాతదే’ అనుకుని మందులు మొదలుపెట్టకుండా ముక్క తీయించండి. పెథాలజిస్టుకి పంపే కాగితం మీద రేడియేషన్ ఎప్పుడు, ఎక్కడ ఇచ్చారో పెద్ద అక్షరాలతో రాయించండి. ఆ ఒక్క లైను లేకపోతే మేము వేసే రంగులే మారిపోతాయి. రేడియేషన్ తర్వాత వచ్చిన నరాల సార్కోమాల్లో హెచ్3కె27ఎంఇ3 దాదాపు అన్నిట్లోనూ పోతుంది, కాబట్టి ఆ స్లైడు ఇక్కడ బాగా పనికొస్తుంది. ఇవి మొండివి, ముందు రేడియేషన్ పడిన చోట మళ్ళీ ఇవ్వడం కూడా కష్టం. ఆలస్యం చేయవద్దు.

ప్రశ్న: నా మోచేతి దగ్గర గడ్డ తీస్తే ష్వానోమా అని వచ్చింది. కానీ రిపోర్టులో ‘కణాల్లో అటిపియా ఉంది’ అని రాశారు. క్యాన్సర్ అవుతుందా? – కోవూరు

జవాబు: ష్వానోమా క్యాన్సర్‌గా మారడం చాలా అరుదు. పాతబడిన ష్వానోమాలో కేంద్రకాలు పెద్దవై, వంకరై, చూడటానికి భయపెడతాయి. రిపోర్టులో అటిపియా అన్నది దాన్నే, గడ్డ వయసుతో వచ్చే మార్పు అది. ఎస్-100 అంతటా గట్టిగా ఉండి, కణాల విభజన కనబడకపోతే మీరు నిశ్చింతగా భోంచేయవచ్చు.

ప్రశ్న: మద్రాసుకి రెండో అభిప్రాయానికి పోతే బ్లాక్ తెమ్మన్నారు. మా ల్యాబువాళ్ళు స్లైడ్లు చాలు అంటున్నారు. ఏది తీసుకెళ్ళాలి? – అల్లూరు

జవాబు: రెండూ. స్లైడు ఇప్పటికే రంగు వేసింది, దాన్ని చూడటం తప్ప చేయగలిగింది తక్కువ. బ్లాక్ అంటే మీ ముక్కను మైనంలో పోతపోసిన దిమ్మ. దాని నుంచి కొత్త పొరలు కోసి, పైన చెప్పిన రంగులన్నీ, కావాలంటే జన్యు పరీక్షలూ చేయవచ్చు. కాగితం మీద అడిగి సంతకం పెడితే ఇస్తారు. తీసుకునేటప్పుడు దిమ్మ మీది నెంబరూ రిపోర్టు మీది నెంబరూ ఒకటేనా అని అక్కడే చూసుకోండి. ‘రంగు వేయని స్లైడ్లు కోసి ఇస్తాం’ అంటే తీసుకోండి కానీ నెలల తరబడి ఇంట్లో పెట్టుకోకండి, పాతబడితే రంగు సరిగా పట్టదు.

ఇంకా ముక్క తీయించని వాళ్ళకు: సీసాలో ఫార్మలిన్ ఉందా అని అడగండి. సెలైన్‌లోనో స్పిరిట్‌లోనో వేసి ఇస్తే నేను ఎంత మంచి లెన్సు పెట్టుకున్నా లాభం లేదు. ముక్కకు పది రెట్లు ఫార్మలిన్ ఉండాలి, ఆ రోజో మర్నాడో ల్యాబుకి చేరాలి. వారాల పాటు ఫార్మలిన్‌లోనే మురిగితే డీఎన్‌ఏ చెడుతుంది, హెచ్3కె27ఎంఇ3 రంగు కూడా సరిగా పట్టదు, ‘లాస్’ అని పొరపాటు పడే ప్రమాదం అక్కడే. బ్లాక్‌ని మాత్రం గట్టి డబ్బాలో దూదిలో పెట్టి చేతి సంచిలో పట్టుకెళ్ళండి. మే నెలలో ఎండలో నిలిపిన కారు డాష్‌బోర్డు మీద పెట్టారంటే మైనం మెత్తబడుతుంది.